ఇంకొక్క మెట్టు

పోయిన వారం కారుణ్యని హౌరా టికియాపారా రైల్వే క్వార్టర్ల మెట్ల కింద, చేతిలో బత్తాయిల సంచీతో నిలబెట్టి వదిలేశాం. పైకి వెళ్ళాలా, వెనక్కి తిరిగి ఏక్‌బాల్‌పూర్ బస్సెక్కి ఇంటికి పోవాలా అన్నది ఆ పిల్ల ఇంకా తేల్చుకోలేదు. ఎందుకు తేల్చుకోలేకపోతోందో మనకి తెలుసు. పైనున్నవాళ్ళకే తెలీదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. కారుణ్య యూనివర్సిటీలో క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ చదువుతోంది. గుండెజబ్బు చేసి లేచినవాళ్ళని కొలత ప్రకారం నడిపించి, సైకిలు తొక్కించి, మళ్ళీ తమ పని తాము చేసుకునేలా తయారు చేసే చదువది. ఆఖరి ప్రాక్టికల్‌కి ప్రతి విద్యార్థీ తను నెలల తరబడి నడిపించిన మనిషిని తీసుకొచ్చి, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఎదుట ట్రెడ్‌మిల్ ఎక్కించాలి. కారుణ్య తీసుకెళ్ళింది జీవానందం మావయ్యని. ఆయన రైలు పెట్టెల షెడ్డులో ఫిట్టరు, తెలుగు చర్చిలో సంఘ పెద్ద, చిన్నప్పుడు ఆమెకి సండే స్కూల్లో అక్షరాలు దిద్దించిన మనిషి. ఏడాది కిందట గుండెకి స్టెంటు వేశారు. ఆయన ఈసీజీ గీతలు మొదటినుంచీ వంకరే కాబట్టి తెర మీద చూసి ఏదీ తేల్చడానికి లేదు. మనిషి ఏం చెబితే అదే ఆధారం.

ఆ పరీక్ష గదిలో తెలుగు వచ్చినవాళ్ళు ఇద్దరే. ట్రెడ్‌మిల్ వాలు మెట్టు మెట్టుగా పెరిగేసరికి మావయ్య ముక్కులోంచి సన్నగా రాగం తీశాడు. వాళ్ళమ్మ పాడుకునే పాత కీర్తన, మాటలు లేకుండా. ఒంట్లో నొప్పి ఉంటే తప్ప ఆయన ఆ రాగం తీయడని కారుణ్య ఈ నెలల్లో కనిపెట్టింది. ఆయన భార్య కూడా దాన్ని భక్తే అనుకుంటుంది. రాగం ఆపి, "గుండెల మీద బరువుగా ఉన్నాదమ్మా, ఇంకా నడవాలా?" అని అడిగాడాయన. కుర్చీలోంచి ఎగ్జామినరు, "ఏమంటున్నాడు?" అన్నాడు. "బాగానే ఉందట సార్, ఇంకా నడుస్తాడట," అని ఇంగ్లీషులో చెప్పేసింది మన కారుణ్య. తర్వాత మావయ్యతో తెలుగులో, "ఇంకొక్క మెట్టు మావయ్యా," అంది. ఆ మెట్టు మీదే ఆయన కుప్పకూలాడు.

ఛాతీ నొక్కింది, షాక్ ఇచ్చింది, ఊపిరి తెప్పించింది కూడా కారుణ్యే. అందుకని డిపార్టుమెంటులో ఆమె పేరు మోగిపోయింది. రిపోర్టులో మాత్రం, 'పడిపోయే ముందు నొప్పి ఉన్నట్టు చెప్పలేదు' అని తన చేత్తోనే రాసింది. ఇవాళ ఆదివారం. మావయ్య బతికి బయటపడ్డందుకు ఆయన ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక. పిలవకపోతే బాగుండునని అమ్మాయి వారమంతా అనుకుంది గానీ, ఆమెని పిలవకుండా ఆ కూడిక ఎలా జరుగుతుంది?

"ఒసే కారుణ్యా! అక్కడ నిలబడి ఏటి చేస్తన్నావే? అందరూ నీకోసమే చూస్తన్నారు!"

పై వరండాలోంచి రేబెకా కేకేసింది. జీవానందం కూతురు, కారుణ్య ఈడుదే. భవానీపూర్‌లో బట్టల షాపులో పని చేస్తుంది. ఇక పారిపోయే దారి మూసుకుపోయింది. కారుణ్య సంచీ చెయ్యి మార్చుకుని మెట్లెక్కింది.

ఆ ఇల్లు రెండు గదులదే. మంచాలు వరండాలో నిలబెట్టేసి లోపలంతా చాపలు పరిచారు. సంఘంలో సగం మంది అప్పుడే చేరిపోయారు. ఒక మూల డోలక్ బిగిస్తున్నారు. పిల్లలు బెంగాలీలో కొట్లాడుకుంటూ తెలుగు పాటల పుస్తకాలు పంచుతున్నారు. పక్కింటి బెంగాలీ ఆవిడ రసగుల్లాల కుండ పంపితే దానికి అప్పుడే కాపలా అవసరమైంది.

కారుణ్య చెప్పులు విడిచిందో లేదో విజయ కుమారి అత్త వచ్చి రెండు చేతులా వాటేసుకుంది. అత్త వంటింటి మనిషి, ఒళ్ళంతా మసాలా వాసన.

"వచ్చినావా నా తల్లి! నువ్వు లేకపోతే ఇయ్యాల ఈ ఇంట్లో ఏ పాట పాడాల్సొచ్చేదో! దేవుడు నీ చేతుల్లోకి దిగినాడమ్మా ఆ రోజు. ఏవీ, ఆ చేతులు చూడనీ."

చూడనివ్వడమే కాదు, అత్త ఆ చేతులు కళ్ళకద్దుకుంది. పెద్దవాళ్ళు అలా చేస్తే కాళ్ళ కింద నేల విడిపోతే బాగుండుననిపిస్తుంది. కారుణ్యకి చేతులు లాక్కోవాలని ఉంది, లాక్కోలేదు. లాక్కుంటే వినయం అనుకుని ఇంకా మెచ్చుకుంటారని భయం. అబద్ధంలో ఒకసారి కాలు పెట్టాక వినయం చూపించడానికి కూడా చోటు మిగలదు.

పాస్టరు గారికి వేసిన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేసి ఆమెని కూర్చోబెట్టారు. ముసలమ్మలు లేచి మరీ వందనాలు చెప్పారు. ఒకావిడ, "డాక్టరమ్మా, నా మోకాలు కూడా ఒకపాలి చూద్దూ," అని చీర కుచ్చెళ్ళు పైకి లాగబోతే పక్కావిడ ఆపింది. అందరూ నవ్వారు. కారుణ్యా నవ్వింది. సిగ్గుతో ముఖం మండుతుంటే నవ్వడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది.

కిటికీ పక్కన చేతుల కుర్చీలో జీవానందం మావయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సండే స్కూలు ఇత్తడి గంట. దాంతో పిల్లల్ని పిలిచేవాడు ఒకప్పుడు. ఇప్పుడు ఆయన లేవాలంటే ఆ గంట కొట్టాలి, కొడితే ఎవరో వచ్చి రెక్క పట్టుకోవాలి. బాత్రూం తలుపుకి గడియ ఊడబీకించింది అత్త. లోపల పడిపోతే తలుపు పగలగొట్టే వ్యవధి ఉండదని. రైలు పెట్టె కింద దూరి చెయ్యంత బోల్టులు బిగించే మనిషి ఇప్పుడు భార్య గుమ్మంలో నిలబడి ఉండగా స్నానం చేస్తున్నాడు.

"బాగున్నావా అమ్మా?" అన్నాడాయన, దూరం నుంచే. అంతే, కిటికీ వైపు తిరిగిపోయాడు.

పాస్టరు గారు హౌరా వంతెన మీద ట్రాఫిక్‌లో చిక్కుకుపోయారని ఫోనొచ్చింది. ఈలోపు ఉల్లిపాయలు తరగడానికి రమ్మని రేబెకా కారుణ్యని వంటింట్లోకి లాక్కెళ్ళింది. ఆ కుర్చీలోంచి లేవనిచ్చినందుకు కారుణ్య ఆమెకి మనసులో దణ్ణం పెట్టుకుంది. తొందరపడింది.

"నిన్నొకటి అడగాల," అంది రేబెకా, గొంతు తగ్గించి. "రేపు నాన్నని అడ్మిట్ చేస్తన్నారు. ఎల్లుండి ఆపరేషన్. భుజం కింద మిషను పెడతారట. గుండె ఆగితే అదే లోపల్నించి షాక్ కొడతాదట."

కారుణ్య చేతిలో కత్తి ఆగింది. "ఎవరన్నారు?"

"హాస్పిటల్ డాక్టరు. పడే ముందు నొప్పేటన్నా వచ్చిందా అని నాన్నని అడిగినాడు. ఏటీ లేదన్నాడు నాన్న. నీ రిపోర్టులోనూ అదే ఉన్నాది గదా. ముందుగా నొప్పి వచ్చుంటే రక్తం పోయే గొట్టం మళ్ళీ చూసి, దానికి వైద్యం చేస్తే సరిపోయేదట. చెప్పాపెట్టకుండా ఆగే గుండెకి మిషనే గతి అన్నాడు."

"షెడ్డు?"

"ఇంకేం షెడ్డు! ఆ మిషను ఒంట్లో ఉంటే పెద్ద పెద్ద కరెంటు మోటార్ల దగ్గరికి పోనివ్వరట. ఆపీస్‌లో కుర్చీ ఏస్తారేమో, లేకపోతే ఇంటికే." రేబెకా ఉల్లిపాయ నెపం పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. "అమ్మ నిద్దరపోవడం మానీసింది. నాన్న గురక ఆగితే లేచి కూకుంటాది. నాలుక కింద పెట్టుకోమని బిళ్ళలిచ్చినారు మొదట్లో. నొప్పే రాని మనిషికి అవెందుకని బీరువా పైఅరలో పడీసింది. నువ్వు చదువుకున్నదానివి, నాన్న గుండె నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? నువ్వు సెప్పు. పెట్టించీమంటావా?"

ఇదిగో, ఇక్కడే చెప్పేసి ఉండొచ్చు. వంటింట్లో ఇద్దరే ఉన్నారు. అడుగుతున్నది చిన్ననాటి స్నేహితురాలు. చెప్పాల్సింది కూడా కొండంత కథ కాదు: ఆయనకి నొప్పి వచ్చింది, నాతో చెప్పాడు, నేను దాచాను. ఆ మూడు ముక్కలు కారుణ్య నోటిదాకా వచ్చాయి కూడా. వాటి వెనకే ఎగ్జామినరు ముఖం, డిగ్రీ, పోర్టులో బరువులు మోస్తూ కూతురి పేరు పక్కన ఏదో పెద్ద మాట పడబోతోందని అందరికీ చెప్పుకుంటున్న నాన్న ముఖం వచ్చాయి.

"డాక్టర్లకి తెలుస్తుంది కదా," అంది.

"ఆచ్ఛా," అంది రేబెకా నిట్టూర్చి, నమ్మకంగా. ఆ నమ్మకం చూసి కారుణ్యకి తన మీద తనకే అసహ్యం వేసింది. తప్పు ఒకసారి చేసినప్పుడు ఎగ్జామినరు ఉన్నాడు, కంగారు ఉంది, చేతిలో గడియారం ఉంది. ఇప్పుడు ఏముంది? ఉల్లిపాయలు తప్ప ఏమీ లేవు.

కత్తి కింద పెట్టేసి నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. మగవాళ్ళు పాస్టరు గారికి ఎదురెళ్ళారు, ఆడవాళ్ళు వరండాలో విస్తళ్ళు లెక్క చూసుకుంటున్నారు. మావయ్య ఒక్కడే ఉన్నాడు. ఆయన కుర్చీ పక్కన చాప మీద కూర్చుంది, సండే స్కూల్లో కూర్చున్నట్టే.

"మావయ్యా, డాక్టరుకి నొప్పి రాలేదని ఎందుకు చెప్పావు?"

ఆయన కిటికీ వైపే చూస్తున్నాడు. గంట లోపలి నాలుక మోగకుండా వేలితో పట్టుకుని ఉన్నాడు.

"నువ్వు రిపోర్టులో అలగే రాసినావంట గదా. నేను ఒకటి, నువ్వు ఒకటి సెప్తే ఎవరి మాట పోతాది? నీదే పోతాది. నాకేటి, నేను ముసిలోణ్ణి."

ఆయనకి గుర్తులేదనుకుంది కారుణ్య ఇన్నాళ్ళూ. పడిపోయిన మనిషికి పడేముందు సంగతులు చెరిగిపోతాయని పుస్తకంలో చదివింది. ఆ పేజీని అడ్డం పెట్టుకునే ఈ రోజులన్నీ గడిపింది.

"నీకు... అంతా గుర్తుందా?"

"ఉండదేటి? బరువుగా ఉన్నాదన్నాను. ఇంకొక్క మెట్టు అన్నావు. ఎక్కినాను."

"ఎందుకెక్కావు మావయ్యా! ఆపెయ్యమని అరవాల్సింది, దిగిపోవాల్సింది!"

"ఆ ఎగ్జామినరు దొర ముందా?" జీవానందం మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "మనోళ్ళలో అంత సదువు సదివిందెవరమ్మా? చర్చిలో నీ గురించి ప్రార్థన పెట్టించింది నేనే గదా. నేను బాగా నడిస్తే నీకు మంచి మార్కులు పడతాయని పొద్దున్న టీ తాగకుండా వచ్చినాను. ఎవరి పరీక్షో నాకు తెలీదేటి? నీది. నీ పరీక్షలో నేను ఫెయిలవకూడదు గదా."

ఆయన మామూలుగానే అన్నాడు. ఆ మామూలుతనం కారుణ్యని నిలువునా కోసేసింది. తిట్టినా బాగుండేది. ఆయన మోకాలి మీద నుదురు ఆనించి, "నేనే ఆపాలి మావయ్యా. ఆపడమే నా చదువు. మిగతాదంతా మిషను చూసుకుంటుంది. ఆపాల్సింది మాత్రం నేనే. అందరితో చెప్పేస్తాను. డాక్టరుతో చెబుతాను. నన్ను క్షమించు," అంది.

అప్పుడొచ్చింది కోపం. అరవలేదు గానీ గంట మీద ఆయన పిడికిలి బిగిసింది.

"ఇప్పుడా? కూడిక పెట్టి, జనాన్ని పిలిచి, మీ అత్త సేత నీ సేతులు కళ్ళకద్దించినాక ఇప్పుడా? క్షమాపణ కావాలా నీకు? అది ఎప్పుడో ఇచ్చీసినాను, తీసుకో. అది కాదమ్మా నా బాధ." తన ముఖం వైపు వేలు చూపించుకున్నాడు. "ఇంకొక్క మెట్టు అన్నప్పుడు నువ్వు నా మొకం చూడలేదు. దొర మొకం చూసి నాతో అన్నావు. అన్ని నెలలు ప్రతిసారీ నా మొకం చూసే అడిగేదానివి, ఎలగున్నాది మావయ్యా అని. ఆ రోజు ఒక్కసారి చూసుంటే నేను సెప్పకపోయినా నీకు తెలిసీది."

కారుణ్య తలెత్తలేకపోయింది. ఆయన చెప్పింది నిజం. ఆమెకి ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే కనిపించేది ఎగ్జామినరు టై, ఆయన పెన్ను మూత. మావయ్య ముఖం ఎలా ఉందో తెలీదు. తెలుసుకోవాల్సింది అదొక్కటే, అదే తెలీదు.

"మాటాడకు," అన్నాడాయన, చల్లబడి. "ఎల్లుండి మిషను పెట్టించుకుంటాను. నీ సదువు అయిపోనీ. ఇది నా ఇంట్లో నా మాట."

వాకిట్లో "వందనాలు అయ్యగారూ!" అని కేకలు. పాస్టరు గారొచ్చేశారు. కారుణ్య కళ్ళు తుడుచుకుని తన గౌరవపు కుర్చీలో, ముళ్ళ మీద కూర్చున్నట్టు, వెళ్ళి కూర్చుంది.

కూడిక మొదలైంది. ఒక పాట, ఒక ప్రార్థన, ఇంకో పాట. పాస్టరు గారు ట్రాఫిక్ మీద విసుగునంతా బైబిలు వాక్యం మీద చూపించి త్వరగానే ముగించారు. తర్వాత సాక్ష్యాలు. దేవుడు తమకి చేసిన మేలు ఎవరికి వారు లేచి నలుగురిలో చెప్పుకోవడం ఆ సంఘంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. సాక్ష్యంలో అబద్ధం చెప్పరాదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేర్పింది ఈ మావయ్యే.

మొదట విజయ కుమారి అత్త లేచింది. కొంగు నెత్తిన కప్పుకుని ఏడుస్తూనే చెప్పింది. ఫోనొచ్చినప్పుడు చేతిలో గరిటె ఉందని, ఆ గరిటెతోనే హాస్పిటల్‌కి పరుగెత్తిందని, మెట్రోలో జనం తననేమనుకున్నారో ఇప్పటికీ తెలీదని. కొందరు నవ్వారు, కొందరు ముక్కులు చీదారు. చెప్పడం అయ్యాక అత్త ఒక శాలువా తీసి కారుణ్య భుజాల చుట్టూ కప్పింది.

"నా పచ్చని సంసారం నిలబెట్టిన పిల్ల ఇది. ఆ రోజు ఏటి జరిగిందో దీని నోటితోనే విందాం. లెగమ్మా, సాక్ష్యం సెప్పు."

శాలువా మెత్తగా ఉంది. కారుణ్యకి అది తడి గోనెసంచీ కప్పినట్టుంది. లేచి నిలబడింది. ఇన్ని ముఖాలు ఎదురుగా. తెలుగు చదవడం సరిగ్గా రాని పిల్ల, చిన్నప్పుడు ఇదే జనం ముందు వాక్యం తప్పు చదివితే, కిటికీ పక్కనున్న ఆ మనిషే నెమ్మదిగా అందించేవాడు. ఇవాళ అందించేవాళ్ళు లేరు.

"ప్రభువు పేరిట అందరికీ వందనాలు," అంది. అందరూ బదులు పలికారు. "మీరందరూ నేను మావయ్యని బతికించానని అంటున్నారు. నేను... అసలు ఆ రోజు మావయ్య పడిపోయే ముందు..."

సరిగ్గా అప్పుడు కిటికీ దగ్గర్నుంచి రాగం వినిపించింది.

సన్నగా, ముక్కులోంచి, మాటల్లేకుండా. వాళ్ళమ్మ పాడుకునే పాత కీర్తన.

సంఘ పెద్ద రాగం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవడం అక్కడి అలవాటు. డోలక్ మీద చెయ్యి పడింది. ముసలమ్మలు తలలూపుతూ గొంతు కలిపారు. పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. ఒక్క నిమిషంలో ఆ రెండు గదులూ పాటతో నిండిపోయి, కారుణ్య మాట మధ్యలోనే మునిగిపోయింది.

ఆమెకి మొదట కలిగింది ఏమిటో దాచకుండా చెప్పుకోవాలి. హమ్మయ్య అనిపించింది. మావయ్య తన మాట నెగ్గించుకున్నాడు, పాట ఎత్తి నా నోరు మూశాడు, నేను చెప్పబోయానే గానీ ఆయనే చెప్పనివ్వలేదు. ఇంత మంచి సాకు మళ్ళీ దొరకదు. కూర్చోవడానికి మోకాళ్ళు వంగాయి కూడా.

సగం వంగి, కుర్చీ చెయ్యి పట్టుకుని, అప్పుడు ఆయన ముఖం చూసింది.

పై పెదవి మీద చెమట. దవడ బిగిసి ఉంది. చుట్టూ అందరూ పాట మాటలు పాడుతున్నారు, ఆయన నోటిలో మాటే లేదు, అదే రాగం, ముక్కులోంచి. ఎడమ చెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది. ఒళ్ళో గంట లేదు, ఎప్పుడో జారి చాప మీద పడింది. ఆ చప్పట్లలో అది పడిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. విజయ కుమారి అత్త భర్త వైపు చూసి కళ్ళు మూసుకుని, భక్తిగా చేతులు జోడించింది.

"ఆపండి!"

కారుణ్య గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. డోలక్ ఆగలేదు. శాలువా విసిరేసి, చాపల మీద కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి, ఎవరి చెయ్యి తొక్కిందో, ఎవరి పుస్తకం తన్నిందో చూసుకోకుండా పరుగెత్తింది.

"పాట ఆపండి! అది పాట కాదు! మావయ్యకి నొప్పొస్తోంది!"

ఒక్కొక్క గొంతే ఆగింది. చివరికి ఆయన రాగం ఒక్కటే మిగిలింది. అందరికీ ఇప్పుడు వినబడింది అది ఎలా ఉందో.

"రేబెకా, బీరువాలో బిళ్ళ! కిటికీ రెక్కలు తెరవండి, అంబులెన్సుకి ఫోను చేయండి!" కారుణ్య ఆయన చొక్కా గుండీలు విప్పి, మణికట్టు పట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది. "మావయ్యా, ఎలా ఉంది? నా వైపు చూసి చెప్పు."

"బరువు," అన్నాడు జీవానందం. ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

అత్త వచ్చి పక్కన మోకాళ్ళ మీద పడింది. "నొప్పేటి? ఆయనకి నొప్పి రాదన్నారు గదా! ఏటీ తెలీకుండా పడిపోయే జబ్బన్నారు గదా! నీకెలా తెలిసింది?"

"వస్తుంది అత్తా. ముందుగానే వస్తుంది. ఇలాగే రాగం తీస్తాడు. ఆ రోజు కూడా తీశాడు." కారుణ్య వేళ్ళ కింద నాడి సరిచూసుకుంది. మాట వెనక్కి తీసుకోలేదు. "బరువుగా ఉందని నాతో చెప్పాడు కూడా. నేనే ఇంకా నడిపించాను. నేనే రాయలేదు."

బీరువా దగ్గర్నుంచి బిళ్ళలతో వస్తున్న రేబెకా గుమ్మంలోనే నిలబడిపోయింది. పాస్టరు గారు చేతిలో పుస్తకం మూశారు. ఇందాక మోకాలు చూడమన్న ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రేబెకా, బిళ్ళ!" అని అరిచింది కారుణ్య.

రేబెకా వచ్చింది. బిళ్ళ కారుణ్య చేతిలో పెట్టలేదు, ఆమెని దాటి వంగి తండ్రి నాలుక కింద తనే పెట్టింది. కారుణ్య వైపు చూడలేదు.

విజయ కుమారి అత్త నెమ్మదిగా కళ్ళు తుడుచుకుంది. ఇందాక కళ్ళకద్దుకున్న చేతుల వైపే చూస్తోంది. ఆ చేతుల్లో ఒకటి ఇంకా భర్త మణికట్టు మీద ఉంది.

"ఆయన సెయ్యి వదులు," అంది. గొంతులో ఏడుపు లేదు. "నా ఇంట్లోంచి నడువు."

కారుణ్య వదల్లేదు. వేళ్ళ కింద నాడి ఒకసారి తప్పింది. అందుకుంది. మళ్ళీ తప్పింది.

"వదలను అత్తా," అంది, జీవానందం ముఖం మీంచి కళ్ళు తిప్పకుండా.